మూత లేని నత్త

మా చిక్కుడు పాదును ఎవరో తినేస్తున్నారని ఒక ముసురు పట్టిన ఉదయం కనిపెట్టాను. ముందు రోజు సాయంత్రం దాకా పందిరి నిండా కళకళలాడిన ఆకులు తెల్లారేసరికి జల్లెడలైపోయాయి. మా వీధిలో ఒక మేక ఉండేది. దానికి రాని చెడ్డపేరు లేదు. ఆ మేక పనే అనుకుని కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. మేక లేదు. పందిరి గుంజ మీద అరచెయ్యంత నత్త ఒకటి, నా ఎదురుగానే, తీరిగ్గా పైకి పోతోంది. దాని వెనక ఇంకోటి. గోడ మీద ఇంకా ఉన్నాయి, అన్నీ పందిరి వైపే వస్తున్నాయి.

నాకు కోపం ఎక్కువ. మా అమ్మ చెబుతుండేది, ఇది పుట్టిన రోజే నర్సుని తిట్టినట్టు ఏడ్చింది అని. ఆ కోపంతోనే ఒక్కొక్కదాన్నీ పీకి చేటలో వేశాను. గోడ నుంచి ఊడేటప్పుడు చప్ మని చప్పుడు చేసేవి. అయితే నేను ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని, కాబట్టి ఎంత కోపంలో ఉన్నా చూడకుండా ఉండలేను. గుల్ల కింద లావుగా మొదలై, మెలికలు తిరుగుతూ పైకి వెళ్ళి మొన తేలి ఉంది. ముదురు గోధుమ రంగు మీద లేత పసుపు చారలు, కుంచె కడగకుండా రంగు వేసినట్టు అడ్డదిడ్డంగా. ఒళ్ళు బూడిద రంగు, గరుకుగా, తడిగా. తల మీద నాలుగు కొమ్ములు. పై రెండూ పొడుగు, వాటి చివర ఆవగింజంత కళ్ళు. కింద రెండూ పొట్టివి, వాటితో నేలను తడుముకుంటూ పోతుంది. పై కొమ్ము మీద వేలు పెడితే కన్ను కొమ్ములోకే ముడుచుకుపోయి, కాసేపటికి మెల్లగా మళ్ళీ బయటికి వచ్చేది. అది నడిచిన దారంతా జిగురు. ఎండాక ఆ జిగురు చారలు చారలుగా మెరిసేది.

ఎండ కాసిందంటే ఒక్కటీ కనిపించేది కాదు. కుండీల కింద, బాత్రూము వెనక నాచు పట్టిన గోడ మొదట్లో, మేడ కట్టాలని కొని కట్టలేకపోయిన ఇటుకల పేర్పులో దాక్కునేవి. నాలుగు చినుకులు పడ్డాయో, అన్నీ బయటికే. మట్టి తవ్వితే సగ్గుబియ్యం కన్నా కాస్త పెద్ద గుడ్లు, లేత పసుపువి, కుప్పలు కుప్పలుగా దొరికేవి. మా ఆయన తాడేపల్లిగూడెంలో ఒక ఎరువుల కొట్లో గుమాస్తా. అక్కడ ఎవరో ఇచ్చారని ఆ వేసవిలో మట్టితో సహా నాలుగు కుండీలు మోసుకొచ్చారు. నత్తలు ఆ మట్టిలోనే వచ్చాయని నా అనుమానం.

మా అత్తగారి అభిప్రాయం వేరు.

మా అత్తగారు కొల్లేటి లంకలో పుట్టి, లంకలోనే పెళ్ళాడి, అక్కడే బతికిన మనిషి. చిన్నప్పట్నించీ కొల్లేట్లో నడుము లోతు నీళ్ళలో దిగి నత్తలు ఏరి, ఉడకబెట్టి, గుల్లలోంచి మాంసం తీసి, తట్టలో పెట్టుకుని ఏలూరు వీధుల్లో అమ్మేది. గుల్లలు సున్నం బట్టీకి పోసేది. సర్కారు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది వానలకి ఇల్లు కూలితే, ఒక ట్రంకుపెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అప్పటికే ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎడమ కన్ను పూర్తిగా తెల్లబడిపోయింది. కుడి కంటికి మనుషులు మసక మసగ్గా ఆనేవారు. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయిని కూతురి కొడుకనుకుని నెత్తిన చెయ్యి పెట్టి దీవించింది. అంతవరకూ నవ్వుకున్నాం. ఒకరోజు వీధి మురిక్కాలవలో పడి మోకాలు చీరుకుపోయాక ఎవరికీ నవ్వు రాలేదు.

డాక్టరు స్పష్టంగానే చెప్పారు. ఎడమ కంట్లో శుక్లం ముదిరిపోయింది, ఇంకా ఆలస్యం చేస్తే చూపు కాదు, కన్నే పోతుంది అని. ఆవిడ ససేమిరా అంది. ఎండాకాలం అంటే చెమటకి పుండవుతుంది అంది. వానాకాలం అంటే చీము పడుతుంది అంది. ఉండి అనే ఊరి నుంచి మా ఆడపడుచు వచ్చి కాళ్ళు పట్టుకుని ఏడిస్తే, "నా కన్ను గురించి నువ్వేడిస్తే నీ కళ్ళు పోతాయే" అని ఓదార్చింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, "ఆపరేషను చేయించుకోమ్మా" అన్నారు. "ప్రార్థన చేశారుగా, మళ్ళీ ఆపరేషను ఎందుకండీ? మీ ప్రార్థన మీద మీకే నమ్మకం లేకపోతే ఎట్లాగండీ?" అంది. ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

"భయమేమో అత్తయ్యా" అన్నాను ఒకసారి.

"భయమా? నాకా? గాలివానలో పడవ బోల్తా పడితే ఈదుకుంటూ ఒడ్డుకొచ్చినదాన్నే నేను!"

అలాంటి మనిషి వెనక వసారాలో మంచం మీద కూర్చుని ఉండగా, నేను నత్తల చేట పట్టుకుని ఇంటి వెనకున్న కాలవ వైపు వెళ్ళబోయాను.

"ఏంటే ఆ చప్పుడు?" అంది.

"నత్తలు అత్తయ్యా. పాదంతా తినేశాయి. కాలవలో పారేసి వస్తాను."

"నత్తలా! ఇటు పట్రా."

ఒకదాన్ని తీసి చేతిలో పెట్టాను. గుల్ల చుట్టూ వేళ్ళు తిప్పింది. నోటి దగ్గర బొటనవేలు పెట్టి తడిమింది. ఇంకోసారి తడిమింది. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చుకుని, "మావే" అంది.

"మీవంటే?"

"కొల్లేటివి. మా లంకవి. ఆ కాలవ ఎక్కడికి పోతుంది? కొల్లేట్లోకే కదా. దాని వెంబడే ఎదురు వచ్చాయి పాపం."

నేను చేట కింద పెట్టేశాను. సైన్సు టీచర్ని. నా ఇంట్లో, నా ఎదురుగా, ఇంత మాట అంటే ఎలా ఊరుకుంటాను?

"కొల్లేటి నత్త ఉండలా ఉంటుంది కదా అత్తయ్యా. ఇది పొడుగ్గా ఉంది."

"అంత దూరం పాక్కుంటూ వస్తే నువ్వూ సాగుతావు."

"కొల్లేటి నత్తకి మూత ఉంటుంది. లోపలికి పోయి గట్టిగా మూత వేసుకుంటుంది. దీనికి మూత ఏదీ?"

"ఇల్లు మునిగి ఊరొదిలి వచ్చేటప్పుడు తలుపు పీక్కుని ఎవరు మోసుకొస్తారే? నేను తెచ్చానా మా తలుపు?"

నేను ఇంకో ఋజువు వెతుక్కుంటున్నాను. ఆవిడ ఆ సందులో మా ఆయన్ని పిలిచి, పెద్ద గంగాళం నిండా నీళ్ళు పోయించి, నత్తలన్నిటినీ అందులో వేయించింది. నీళ్ళ జీవాలు నీళ్ళు లేక అల్లాడిపోతున్నాయట. గంగాళంలో పడ్డ నత్తలు ఒక్క క్షణం ఆగి, తలలు బయటపెట్టి, నత్తనడకనే అయినా ఆగకుండా అంచులెక్కి, బయటికి దిగి, మళ్ళీ నా చిక్కుడు పాదు దారి పట్టాయి.

"వాటిని బయటికి తీసిందెవరు?" అంది అత్తగారు, చప్పుడు విని.

"ఎవరూ తీయలేదు. అవే పారిపోతున్నాయి. నీళ్ళంటే వాటికి పడదు."

"ఎందుకు పడుతుంది? కొల్లేరు నీళ్ళు తాగిన నోటికి మీ మున్సిపాలిటీ నీళ్ళు పడతాయా? నాకే పడట్లేదు."

మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. పాసింజరు బండి తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళతో "కాస్త జరుగుతారా అండీ" అనడానికి మొహమాటపడి బండి వదిలేసుకుని, కొట్టుకి ఆలస్యంగా పోయే మనిషి. అలాంటాయన మా ఇద్దరి మధ్యా పడ్డారు. రోజూ పొద్దున్నే బండికి వెళ్ళేముందు తల్లి మాట ప్రకారం నత్తల్ని ఏరి గంగాళంలో వేసేవారు. సాయంత్రం వచ్చాక నా మాట ప్రకారం వాటినే ఏరి కాలవ అవతల వదిలి వచ్చేవారు. అటు వేసినా ఇటు వేసినా వాటితో "తప్పట్లేదండీ" అన్నట్టే ముఖం పెట్టేవారు. నత్తలు మాత్రం ఎక్కడ వేసినా తిరిగొచ్చేవి. ఆ ఏడాది మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ ప్రయాణం చేసినవి అవే.

వానల మధ్యలో ఇంకో వింత జరిగింది. వేసవిలో కొట్టించిన తెల్లసున్నం గోడల మీద అక్కడక్కడా మాయమవుతూ వచ్చింది. ఒక తుంపర రోజున చూద్దును కదా, నత్తలు గోడకి అతుక్కుని సున్నం నాకుతున్నాయి. గుల్ల పెరగాలంటే వాటికి సున్నం కావాలి. అది పుస్తకంలో ఉన్న సంగతే. నేను ఆనందంగా అత్తగారికి చెప్పాను.

"మరి ఆ సున్నం ఎక్కడిదే?" అంది.

"బజార్లో కొన్నాం."

"గుల్ల సున్నమే కదా? కొల్లేటి గుల్లలు కాల్చిన సున్నమే కదా? మరింకేం, గోడలో ఉన్న వాళ్ళ తాతముత్తాతల్ని వెతుక్కుంటున్నాయి. పెద్దల్ని చూసుకోడానికి వస్తే నువ్వు చీపురుతో కొడతావా?"

ఆ మాట వీధంతా పాకింది. పక్కింటావిడ గోడ మీద నత్త కనిపిస్తే తోయడం మానేసింది, ఎవరి పెద్దలో ఏమో అని. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ గోడకీ ఎక్కడా సున్నం మిగలలేదు.

ఇక లాభం లేదని మధ్యవర్తిని పిలిచాను. మా ఎదురింట్లో ఒక టైలరుగారు ఉండేవారు. నమాజు తప్పని మనిషి, అబద్ధం చెప్పని మనిషి, వీధిలో అందరికీ గౌరవం. ఆయన మెడలో టేపుతోనే వచ్చారు. వచ్చి, నత్తని వసారా గట్టు మీద పెట్టి, శ్రద్ధగా కొలతలు తీశారు.

"పొడవు ఎక్కువండీ. నడుము తక్కువండీ" అన్నారు. "కొల్లేటిదైతే బొజ్జ ఉండాలండీ."

నేను విజయగర్వంతో అత్తగారి వైపు చూశాను. ఆవిడ ముఖం ముడుచుకుపోయింది. టైలరుగారు అది చూశారు. పాపం ఆయన మంచితనమే నా కొంప ముంచింది.

"అయితే... చిక్కిపోయి ఉండొచ్చండీ" అన్నారు.

"అదీ! చిక్కిపోయింది. బాబుగారు కొలిచి మరీ చెప్పారు" అంది అత్తగారు. టైలరుగారు జిగురంటిన టేపు కడుక్కోవాలని గబగబా వెళ్ళిపోయారు.

స్కూల్లో పెద్ద క్లాసులకి చెప్పే మాస్టారిని అడిగితే, ఇది ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చిన నేలనత్త అనీ, ఇప్పుడు దేశమంతా ఉందనీ చెప్పారు. ఆ మాటని బ్రహ్మాస్త్రంలా ఇంటికి మోసుకొచ్చాను.

"ఆఫ్రికా ఎంత దూరం?" అంది అత్తగారు.

"సముద్రాలు దాటాలి."

"కొల్లేరు ఎంత దూరం?"

"పక్కనే."

"దాని నడక చూశావుగా. ఎక్కడినించి వచ్చి ఉంటుందో నువ్వే లెక్క వేసుకో. టీచరువి కదా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళని చూశాను. ఆ మూడు కాళ్ళకీ కారణాలు చెప్పగలిగే మనిషిని మా అత్తగారిలోనే చూశాను. నాకు ఇక ఒళ్ళు తెలియలేదు.

"అసలు మీకు కనపడితే కదా అత్తయ్యా! చూపులేని మనిషి సాక్ష్యం ఏ కోర్టులో చెల్లుతుంది? ముందు కన్ను బాగు చేయించుకుని, దీన్ని ఒక్కసారి చూసి, అప్పుడు మాట్లాడండి!"

మా ఆయన చేతిలో ఉన్న చెంబు కింద పడింది.  అత్తగారు పెదవులు బిగించుకుని, చీర కొంగు నడుముకి దోపుకుంది. కొల్లేట్లో దిగేముందు అలాగే దోపుకునేదని మా ఆయన తర్వాత చెప్పారు.

"ఒరేయ్ అబ్బాయ్" అంది. "ఆ కళ్ళాసుపత్రికి ఎప్పుడు రమ్మంటారో కనుక్కో. కన్ను చేయించుకుని, ఈ నత్తని చూసి, నీ పెళ్ళాం చేత తప్పు ఒప్పించకపోతే నేను లంకలో పుట్టినదాన్నే కాదు."

మేం ఆవిడ మనసు మారేలోపు పరుగెత్తుకెళ్ళాం. కానీ డాక్టరు చూసి, షుగరు తగ్గాలి, క్రిస్మస్ వెళ్ళాక రండి అన్నారు.  అన్ని వారాలు ఈ పంతం నిలవాలి కదా. నా భయం అనవసరమని మర్నాడే తేలింది. పొద్దున్న లేవగానే నన్ను పిలిచి నత్త మాట ఎత్తేది. నేను వంటలో ఉండి పలకకపోతే, "ఓడిపోయిందిరా మీ ఆవిడ, అందుకే నోరు మూసుకుంది" అని కొడుకుతో నాకు వినపడేట్టు చెప్పేది. నేను గరిటె పట్టుకునే వచ్చి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. క్రిస్మస్ రోజు చర్చిలో నా పక్కన కూర్చుని, పాట అయ్యాక ఆమెన్ అనేముందు, "కొల్లేటిదే" అంది నా చెవిలో.

ఆపరేషను రోజు ఆసుపత్రి హాల్లో వరసగా బెంచీల మీద ఆవిడలాంటి వాళ్ళే కూర్చున్నారు, ఏ కంటికి ఆపరేషనో నుదుటి మీద గుర్తులతో. ఆవిడ ఊరుకోలేదు. అందరికీ నత్త సంగతి చెప్పి తీర్పు అడిగింది. పెంటపాడు నుంచి వచ్చిన రైతు, చేలో కనిపించే నత్తకి మూత ఉంటుందనీ, లేనిది అసలు నత్తే కాదనీ అన్నాడు. జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒకావిడ, "మా పామాయిలు తోటల్లో ఇవేనండి, చెట్లెక్కేస్తాయి" అంది.

"అమ్మో, అక్కడిదాకా వెళ్ళాయా పాపం!" అంది అత్తగారు. బెంచీలన్నీ రెండు పక్షాలైపోయాయి. కంట్లో చుక్కలు వేయడానికి వచ్చిన నర్సు, ఇక్కడ ఏం గొడవో అర్థం కాక, బీపీలు పెరుగుతాయని అందరినీ కేకలేసింది.

లోపలికి పిలిచినప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి మంచుగడ్డలా ఉంది. కాసేపు వదల్లేదు.

"ఒక నత్తని జాగ్రత్తగా ఉంచు" అంది. "నేను వచ్చేలోపు పారేశావో, చంపేస్తాను."

"ఉంచుతాను అత్తయ్యా."

"కొల్లేటిదే."

"కాదు."

"ఊఁ" అని, చెయ్యి వదిలి లోపలికి వెళ్ళింది.

ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పి నల్ల కళ్ళద్దాలు ఇచ్చి ఇంటికి పంపారు. ఇంటికి రాగానే అద్దాలు కాస్త పైకెత్తి ముందు కొడుకుని చూసింది. "జుట్టంతా ఏమైందిరా?" అంది. మా ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "పోయిందమ్మా" అన్నారు, అది ఆయన తప్పే అయినట్టు. తర్వాత నన్ను చూసింది, తల నుంచి కాళ్ళ దాకా. నా గురించి ఏమంటుందో అని నిలబడ్డాను.

"నత్త ఏదీ?" అంది.

నత్త లేదు. నేను జాగ్రత్తగానే ఉంచాను, చిల్లుల మూత పెట్టిన డబ్బాలో. రెండు రోజులు ఆసుపత్రి చుట్టూ తిరగడంలో మూత సరిగ్గా పడలేదు, అది వెళ్ళిపోయింది. బయట ఇంకేవైనా ఉంటాయంటే, అది జనవరి నెల. వాన చుక్క లేదు. పెరడంతా ఎండిపోయి దుమ్ము లేస్తోంది. వానాకాలమంతా వద్దు మొర్రో అన్నా వచ్చిన నత్తలు కావాలన్నప్పుడు ఒక్కటీ లేదు.

"దాచేశావ్" అంది అత్తగారు. "చూస్తే ఓడిపోతావని పారేశావ్."

అంతమాట అన్నాక ఊరుకుంటానా? మా ఆయన ఆ రోజు సెలవు పెట్టారు. కుండీలన్నీ ఎత్తాం. ఇటుకల పేర్పు మొత్తం విప్పాం. టైలరుగారు కూడా మిషను ఆపి వచ్చి ఇటుకలు అందించారు. వీధిలో పోయేవాళ్ళు మేడ కడుతున్నారా అని అడిగారు. "కాదండీ, నత్త కోసమండీ" అని మా ఆయన మర్యాదగా అందరికీ జవాబు చెబుతూనే ఉన్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళకి ఎలుకైనా దొరికింది. మాకు మధ్యాహ్నం దాకా తేళ్ళే దొరికాయి. చివరికి చాకిరేవు బండ జరిపితే, దాని కింద చల్లటి మట్టిలో ఒకటి దొరికింది.

తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాను. అద్దాలు తీసి, కొత్త కంటి దగ్గరికి పెట్టుకుని తిప్పి చూసింది. నత్త లోపలికి ముడుచుకుపోయి ఉంది. గుల్ల నోటికి అడ్డంగా తెల్లటి పలుచటి పొర, ఎండిన కాయితంలా, బిగుసుకుని ఉంది.

"తలుపు!" అని అరిచింది. "చూడండి! తలుపు పెట్టుకుంది! నేను చెప్పలా? ఊరు కుదురుకున్నాక తలుపు పెట్టుకుంటుందని!"

టైలరుగారు నా వైపు జాలిగా చూశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అది మూత కాదు, ఎండలు తట్టుకోడానికి తన జిగురుతో అదే కట్టుకునే తెర అని నాకు తెలుసు. ఆ గొంతు ముందు నా సైన్సు ఎక్కడ నిలబడుతుంది? నత్తని అందుకుని వసారా గట్టు మీద పెట్టి, ఆ పొరని గోరుతో గీరాను. పొర పుటుక్కున చిరిగింది. చెంబుతో నీళ్ళు తెచ్చి చిలకరించాను. అత్తగారు మంచం మీద, మిగిలినవాళ్ళం ఆ నత్త చుట్టూ గొంతుక్కూర్చున్నాం.

చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత గుల్ల అంచున బూడిద రంగు ఒళ్ళు కదిలింది. తల వచ్చింది. పొట్టి కొమ్ములు వచ్చాయి. పొడుగు కొమ్ములు రెండూ మెల్లగా సాగి, వాటి చివర కళ్ళు అత్తగారి వైపు తిరిగాయి. ఆవిడ వంగి, నత్త కళ్ళలోకి చూస్తూ ఉండిపోయింది. ఎడమ కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. డాక్టరు వంగొద్దన్నారని చెప్పడం కూడా మర్చిపోయాను.

"ఛీ" అంది చివరికి. "ఇది మాది కాదు. మా నత్త ఇంత వికారంగా ఉండదు."

"ఒప్పుకున్నారా!" అని గెంతినంత పని చేశాను. "ఏవండీ, విన్నారా? టైలరుగారూ, మీరు సాక్ష్యం! ఒప్పుకున్నారు!"

"ఇప్పుడు ఒప్పుకునేదేంటే? నాకు మొదటి రోజే తెలుసు."

"ఏం తెలుసు?"

"మూత లేదని. వేలు పెట్టగానే తెలిసింది. కొల్లేటి బురదనీళ్ళలో కళ్ళతో చూసి ఎవరు ఏరారే నత్తల్ని? చేత్తోనే కదా. నీళ్ళ నత్తేదో నేల నత్తేదో ఈ చేతికి తెలియదా?"

నేను అలాగే నేల మీద కూర్చుండిపోయాను. "మరి ఇన్ని నెలలూ ఈ రాద్ధాంతం ఎందుకు అత్తయ్యా?"

ఆవిడ అద్దాలు పెట్టుకుంది. నత్త గట్టు మీంచి దిగి తన దారిన పోతోంది.

"మా పెద్దక్కకి ఇట్లాగే కన్ను కోశారు, నేను పిల్లదాన్నప్పుడు" అంది. "కట్టు విప్పితే ఏమీ కనపడలేదు. ఉన్న మసక చూపు కూడా పోయింది. కళ్ళు తెరుచుకుని, 'తెల్లారిందా, తెల్లారిందా' అని అడుగుతూ ఉండేది పగలంతా. నేనే జవాబు చెప్పేదాన్ని. అప్పట్నించీ ఆపరేషను అన్న మాట వింటేనే నా కాళ్ళు వణుకుతాయి. వణుకుతున్నాయని చెప్పడానికి సిగ్గు. పడవ బోల్తా పడితే ఈదుకొచ్చినదాన్ని కదా."

మా ఆయన లేచి, తల్లి కూర్చున్న మంచం కోడు పట్టుకుని నిలబడ్డారు. ఆయనకీ ఈ సంగతి తెలియదు.

"నాకు కోపం వస్తేగానీ ధైర్యం రాదే" అంది నాతో. "వీళ్ళంతా వచ్చి ఏడుస్తారు. ప్రార్థన చేస్తారు. అట్లా మెత్తగా చెబితే నాకు భయం ఇంకా పెరిగేది. నువ్వొక్కదానివే తిన్నగా తగువుకొచ్చావు. వదిలిపెట్టకూడదనుకున్నాను. డాక్టరు క్రిస్మస్ దాకా ఆగమన్నాడే, అన్నాళ్ళు ఆ కోపం చల్లారకుండా ఉండాలా వద్దా? అందుకే రోజూ కాస్త రాజేసుకున్నాను. బల్ల మీద పడుకోబెట్టాక కూడా లోపల నిన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. సూది గుచ్చినప్పుడు మరీ తిట్టాను. బాగా దెబ్బలాడావే అమ్మాయ్. నువ్వు లేకపోతే వెళ్ళేదాన్ని కాదు."

 టైలరుగారు చేతిలో ఉన్న ఇటుకని అటు పెట్టాలో ఇటు పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నారు.

"ఇంకా కుడి కన్ను ఉంది" అంది అత్తగారు. "వచ్చే నెల రమ్మన్నాడు. నాకు మళ్ళీ భయం మొదలైంది. దానికి ఇంకో తగువు చూడండి."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. తల్లితో జన్మలో ఎదురు మాట్లాడని మనిషి, చెవులు ఎర్రబడుతుండగా, "అమ్మా, మరి... కొల్లేటి చేప కన్నా గోదారి చేపే రుచి అంటారు... కొందరు..." అన్నారు.

"నీకు రాదురా" అంది ఆవిడ. "నువ్వు పక్కకి తప్పుకో. అమ్మాయ్, నువ్వు చెప్పు."

అందరూ నా వైపు చూశారు.   ఆవిడ మీద నాకు అంత ప్రేమ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. ఆవిడ ఒక కన్ను నన్ను స్పష్టంగా చూస్తోంది, ఇంకో కన్ను మసగ్గా చూస్తోంది, రెండూ నా కోసం ఎదురుచూస్తున్నాయి. కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"మీ కొల్లేటి నత్తల కూర అంటారు చూడండి" అన్నాను. "ఏదో అత్తగారు వండింది కదా అని లంకకి వచ్చినప్పుడల్లా మొహమాటానికి తిన్నాను గానీ, నమిలితే సైకిలు ట్యూబు ముక్క నమిలినట్టే ఉంటుంది. అదీ ఒక కూరేనా?"

అత్తగారు మంచం మీద నిటారుగా లేచి కూర్చుంది. చీర కొంగు నడుముకి దోపుకుంది.

"ఏవిటీ?" అంది.